నా ఎడమకాలు, మా అత్తగారి నడుము

నేను కాళ్ళతో పుట్టాను. తల ముందు రావలసిన చోట కాళ్ళు ముందొచ్చాయట. ఆ పూట మా అమ్మ చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు కానీ నా కాళ్ళు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గుర్తుండిపోయాయి. మా నెల్లూరు తీరంలో నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకుంటారు. ఆదివారం పొద్దున్నే, మొహం కడగకముందు, పట్టిన మనిషి గడపకు అడ్డంగా బోర్లా పడుకోవాలి. కాళ్ళతో పుట్టిన మనిషి ఎడమకాలితో మూడుసార్లు తొక్కి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోవాలి. నాకు నడక సరిగ్గా రాకముందే మా అమ్మ నన్ను చంకల కింద పట్టుకొని ఊళ్ళోవాళ్ళ నడుముల మీద నిలబెట్టేదట. తగ్గినవాళ్ళు బెల్లం తెచ్చేవాళ్ళు. తగ్గనివాళ్ళు తమ తలరాతను తిట్టుకునేవాళ్ళు, నా కాలిని ఒక్కరూ తిట్టలేదు. గెలుపు వైద్యుడిది, ఓటమి రోగిది. ఇంత సుఖమైన వైద్యం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నెల్లూరులో బి.ఏ. చదివే రోజుల్లో ఆ పని మానేశాను. పెళ్ళయి కోట అనే చిన్న పట్నం దగ్గర అత్తగారి ఊరికి వచ్చి, కోటలోనే ఆడపిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక ఇంకా గట్టిగా మానేశాను. అయినా నా పుట్టుక సంగతి నాకంటే ముందే ఆ ఊరు చేరింది. నడుం పట్టుకొని వచ్చినవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, వెన్నెముక అంటే ఏమిటో, నరాలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో చెప్పి పంపించేదాన్ని. ఒక రైతు అంతా విని, లేచి కండువా దులుపుకొని, "కాలితో తొక్కమ్మా అంటే నోటితో తొక్కింది" అని మా ఆయనతో చెప్పి మరీ వెళ్ళాడు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, బడికి సెలవులు. మా అత్తగారు ఆవకాయ జాడీ ఎత్తింది. నడుమెత్తు జాడీ అది. ఎత్తడానికి నేనున్నాను, మా ఆయన ఉన్నాడు, పాలేరు ఉన్నాడు. ఎవర్నీ తాకనివ్వదు. ముఖ్యంగా నన్ను. బడిలో పదిమంది పిల్లల్ని ముట్టుకొని వచ్చే చెయ్యి తగిలితే ఊరగాయ బూజు పడుతుందని ఆమె సిద్ధాంతం. అటక కింద నుంచి జాడీని ఒళ్ళోకి లాక్కొని లేవబోయింది. "అబ్బా" అని కూడా అనలేదు. జాడీని మెల్లగా కింద పెట్టి, దాని మీదే వంగిపోయి అలా ఉండిపోయింది. ఊరగాయకు ఏమీ కాలేదు.

ముందు ఇంటివైద్యాలన్నీ అయినాయి. వావిలాకు కాగబెట్టిన నీళ్ళు పోశాం, ఉప్పుమూటతో కాపడం పెట్టాం, వేడి ఆముదం రాశాం. నొప్పి నడుములోంచి పిర్రలోకి, పిర్రలోంచి పిక్కలోకి దిగింది కానీ పోలేదు. చివరికి బండి మీద వరిగడ్డి పరిచి కోటకు, అక్కణ్ణుంచి బస్సు వెనక సీటు మొత్తం తీసుకొని నెల్లూరుకు తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఆమె కాలు నిటారుగా పైకెత్తాడు. జానెడు లేవకముందే ఆమె కేక ఆస్పత్రి వాకిలిదాకా వినబడింది.

"రెండు ఎముకల మధ్య మెత్తటి బిళ్ళ ఉంటుందమ్మా. అది పక్కకు తోసుకొచ్చి నరాన్ని నొక్కుతోంది," అన్నాడు ఆయన నాతో. "గట్టి చెక్క మీద పడుకోవాలి. పరుపు వద్దు. లేవకూడదు, దేనికీ లేవకూడదు. కాపడం పెట్టండి, ఈ పట్టీ వెయ్యండి, ఈ మాత్రలివ్వండి. చాలామందికి దీనితోనే సర్దుకుంటుంది. తొక్కించడం, లాగించడం, పిడిగుద్దుల మర్దనలు, ఇవి మాత్రం చేశారో, ఉన్న నరం పోతుంది."

"సర్దుకోకపోతే?"

"కాలివేళ్ళ మొద్దు పైకి పాకినా, పాదం వేలాడిపోయినా మద్రాసు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి. ఒంటేలు ఆగిపోయిందంటే ఒక్క పూట కూడా ఆగొద్దు."

మద్రాసు అనే మాట వినగానే మా అత్తగారి మొహం మాడిపోయింది. ఆమె అన్న ఒకాయన మద్రాసులో కడుపు కోయించుకొని మళ్ళీ రాలేదు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఒక్కటే మాట అంది: "నన్ను కొయ్యనీబాక." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

పశువుల కొట్టానికి వెయ్యాలని ఉంచిన పాత తలుపుచెక్కను నాలుగు ఇటుకల వరసల మీద పరిచి, దాని మీద ఒక దుప్పటి వేశాం. నడుముకు డాక్టరిచ్చిన నల్లటి బెల్లడోనా మందుపట్టీ అంటించాను. పడుకొంది. పడుకొని ఎంతసేపుంది? నేను స్నానానికి వెళ్ళొచ్చేలోపల వంటింట్లో ఉండేది. గోడ పట్టుకొని, ఒక కాలు ఈడ్చుకుంటూ.

"అత్తా, డాక్టరేం చెప్పాడు?"

"చెప్తాడు. ఆయన ఇంట్లో పొయ్యి నేనొచ్చి ముట్టించాలా? ఈ తలుపు మీద నన్ను పారేసి, మొలలో తాళాలు లాక్కుందామని నీ ఎత్తు."

"తాళాలు మీ మొలలోనే పెట్టుకోండి. చెక్క దిగొద్దంటున్నాను."

"దొడ్డికి కూడా దిగొద్దంటివి. ఆ పింగాణీ గిన్నెలో పొయ్యాలా? నేను మనిషినా, మంచం పట్టిన ముసలిదాన్నా?"

రెంటికీ అవునని చెప్పబోయి మింగాను.

ఆమెను చూసుకుంటానని వాళ్ళక్క, అంటే నాకు పెద్దత్త, పక్కూరినుంచి వచ్చింది. వచ్చినామె చెల్లెల్ని చూసుకోవడం కంటే నన్ను చూసుకోవడం మొదలుపెట్టింది. "ఇంట్లో కాళ్ళతో పుట్టిన కోడల్ని పెట్టుకొని నెల్లూరుకు పొయ్యొచ్చినారంటే ఎవరన్నా నవ్వుతారు. తొక్కవే అమ్మాయ్. నీ సొమ్మేం పొయ్యింది?"

"డాక్టరు తొక్కొద్దన్నాడు పెద్దత్తా."

"డాక్టరు కాళ్ళతో పుట్టినాడా?"

అయినా చెప్పాను. ఎముకలు చెప్పాను, నరం చెప్పాను. తలుపుచెక్క మీదినుంచి మా అత్తగారు పైకప్పు చూస్తూ అంది: "దాన్నడగబాక అక్కా. అత్తను కాలితో తన్నే అదృష్టం వస్తే ఏ కోడలన్నా కాదంటుందా? ఇది కాదంటుండాదంటే నేను లేవకూడదని."

నాకు ఒళ్ళు మండింది. "నా చెయ్యి తగిలితే మీ ఊరగాయ పాడవుద్ది. నా కాలు తగిలితే మీ నడుం బాగవుద్ది. ఈ ఒంట్లో ఎక్కడినుంచి ఎక్కడిదాకా మైల, ఎక్కడినుంచి మందో ఒక గీత గీసి చెప్పండత్తా, అట్లాగే నడుచుకుంటా."

పెద్దత్త నోటిమీద కొంగు పెట్టుకుంది. మా అత్తగారు మాత్రం తల తిప్పి నన్ను తేరిపార చూసింది. మాటతో గెలవలేనప్పుడు ఆమె చేసేది ఒకటే: ఇంకో మనిషికి కబురు పెట్టడం.

సముద్రం ఒడ్డు జాలర్ల పాళెంలో కాళ్ళతో పుట్టిన ఇంకో మనిషి ఉంది. వలలు లాగి నడుములు విరుచుకున్న మగవాళ్ళను తొక్కేది. గాదెలా ఉంటుంది. ఆమె వీపెక్కి నిలబడి, మడమ తిప్పితే వెన్ను ఫటఫటమని మోగుతుందని పెద్దత్త మురిసిపోతూ చెప్పింది. ఆదివారం రమ్మని చెప్పి పంపారు. నేను మా ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మీ అమ్మ కాలు పోతుంది."

"మీరిద్దరూ ఒక మాట అనుకొని నాకు చెప్పండి," అన్నాడు.

"అనుకోగలిగితే మీదాకా వస్తానా?"

"ఆదివారం నాకు కోటలో పనుంది," అన్నాడాయన.

శనివారం సాయంత్రం కాపడం పెడుతూ చీపురు ఈనె ఒకటి తీసి ఆమె పాదం మీద గీశాను. బొటనవేలికి మొద్దు ముందే ఉంది. ఇప్పుడు దాని పక్క వేలికీ తెలియలేదు, పాదం పైభాగంలో సగందాకా తెలియలేదు. మళ్ళీ గీశాను. ఈసారి కాస్త గుచ్చాను. ఆమె పైకప్పు చూస్తూ పెద్దత్తతో వడియాల గురించి మాట్లాడుతూనే ఉంది. పాకుతోందన్నమాట. పాకితే మద్రాసేనన్నాడు డాక్టరు, కానీ కదలకుండా నాలుగు రోజులైనా పడుకోకముందే ఆమెను కోతకు ఎలా పంపను? ఈ నడుము మీద రేపు పాళెం మనిషి ఎక్కితే? నేను గుమ్మానికి అడ్డంగా నిలబడగలను, ఎంతసేపు నిలబడతాను? సెలవులైపోతే బడికి వెళ్ళాలి. నా వెనక ఎవరినైనా పిలవగలరు.

"రేపు నేనే తొక్కుతా," అన్నాను.

వడియాలు ఆగిపోయాయి.

"ఏమన్నావు?"

"నేనే తొక్కుతానన్నాను. పాళెం మనిషిని రావద్దనండి. కానీ నా పద్ధతిలో తొక్కుతా. గడప దగ్గరికి తీసుకుపోకూడదు, బోర్లా తిప్పకూడదు. ఈ చెక్కమీదే, పక్కకు ఒత్తిగిలితే చాలు."

"గడప లేకుండా తొక్కుడేందే?" అంది పెద్దత్త.

"పడుకున్నది తలుపు మీదేగా పెద్దత్తా! తలుపే కింద ఉంటే ఇంక గడప ఎందుకు?"

పెద్దత్త ఆలోచనలో పడింది. శాస్త్రం శాస్త్రంతోనే నోరు మూసుకుంటుందని ఆ రోజు నేర్చుకున్నాను. బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు.

తెల్లారింది. మొహం కడగకుండా వచ్చాను. రావద్దని చెప్పినా పాళెం మనిషి వచ్చింది, తన పనిని ఇంకొకరు ఎలా చేస్తారో చూద్దామని కాబోలు, గోడకానుకొని నిలబడింది. మా అత్తగారు కళ్ళు మూసుకొని, గోడవైపు ఒత్తిగిలి పడుకొంది. నేను రాత్రే దూలానికి కట్టిన తాడు పట్టుకొని, బరువంతా కుడికాలి మీద, ఆ తాడు మీద వేసి, ఎడమ పాదం ఆమె నడుము మీద పెట్టాను. పెట్టానంటే, తగిలించాను. చీర కిందినుంచి పట్టీ గరుకు తగిలింది. దాని పక్కన ఎముక. పొడుగాటి, గొంతున్న, ఇల్లంతా నిండే మనిషి కదా, ఇంత సన్నటి ఎముకలా అనిపించింది. కుడికాలు జారితే చాలు, డాక్టరు చెప్పినదంతా నా చేతుల మీదుగా, కాదు, కాలి మీదుగా జరిగిపోతుంది. ఒకసారి. రెండోసారి. మూడోసారి పాదం తీస్తుంటే ఆమె "అమ్మా!" అని అరిచింది.

వంగి చూశాను. "ఎక్కడ? కాల్లోనా?"

"కాదే. నీ కాలు మంచుగడ్డ మాదిరి ఉండాది."

గోడ దగ్గరినుంచి పాళెం మనిషి నవ్వింది. "ఇదేం తొక్కుడమ్మా? పువ్వు మీద ఈగ వాలినట్టుండాది. ఆ పట్టు ఇట్టా పోద్దా? జరుగు, నేనొకసారి ఎక్కి దిగుతా." చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని ముందుకొచ్చింది. పెద్దత్త పక్కకు జరిగి ఆమెకు దారిచ్చింది. నేను చెక్కకూ ఆమెకూ మధ్య నిలబడ్డాను. తాడు ఇంకా నా చేతిలోనే ఉంది.

"గమ్మునుండు," అంది మా అత్తగారు గోడవైపు తిరిగే. "నా నడుం. నా కోడలు కాలు. మధ్యలో నువ్వెవరివమ్మే?"

పాళెం మనిషి ఆగిపోయింది. అప్పుడు నేను తాడు వదిలాను. పథ్యం చెప్పాను: తొక్కించుకున్నాక చెక్క దిగకూడదు. నేల మీద కాలు పెడితే పట్టు రెండో కాలికి మారుతుంది. బరువు ముట్టకూడదు. అన్నం, నీళ్ళు, మిగతా పనులన్నీ ఆ చెక్క మీదే. దిగొచ్చని తొక్కిన మనిషే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదు. అబద్ధమే. ఇప్పటికీ దానికి నేను సిగ్గుపడను.

"ఇట్టాంటి పథ్యం నేను పుట్టి బుద్ధెరిగి వినలా," అంది పెద్దత్త.

"మీరు కాలేజీ చదివిన కాలితో తొక్కించుకోలేదుగా పెద్దత్తా."

ఆశ్చర్యం, మా అత్తగారు చెక్క దిగలేదు. డాక్టరు దిగొద్దంటే దిగిన మనిషి, నేను దిగొద్దంటే దిగలేదు. పడుకొనే ఇల్లు నడిపింది. ఏ డబ్బాలో ఏముందో, కూరలో ఉప్పెప్పుడు వెయ్యాలో వంటింట్లోకి కేకలే. పప్పు మాడిందని వాసనబట్టి చెప్పేది. నేను పొద్దునా సాయంత్రం కాపడం పెట్టి, ఈనెతో పాదం గీసేదాన్ని. మొద్దు ముందుకు పాకలేదు. వెనక్కీ పోలేదు. దానితో నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఆ పింగాణీ గిన్నె కడగడానికి తీస్తే పొడిగా ఉంది. పొద్దున చూసినప్పుడూ పొడిగానే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తా, ఒంటేలు పోలేదా?"

"రాలా."

"ఎప్పటినుంచి?"

"నువ్వేం పోలీసువా? నిన్నటినుంచి రాలా."

ఒక్క పూట కూడా ఆగొద్దు. డాక్టరు గొంతు చెవిలో మోగింది. వాకిట్లోకి పరిగెత్తి పాలేరును కేకేసి బండి కట్టమన్నాను. మా ఆయన్ని పొలం నుంచి పిలిపించాను. గడ్డి పరుస్తున్నారు. నెల్లూరు, అక్కణ్ణుంచి మద్రాసు. నేను ఇనప్పెట్టె ముందు కూర్చొని చీరలు కుక్కుతున్నాను. ఏ చీర పెడుతున్నానో తెలియడం లేదు. పువ్వు మీద ఈగ అంది కదా పాళెం మనిషి. ఈగ వాలితే చాలేమో నరం తెగడానికి. తాడు జారిందా? బరువు పడిందా? గుర్తు చేసుకుంటే ఒకసారి పడలేదనిపిస్తుంది, ఇంకోసారి పడిందనిపిస్తుంది.

మద్రాసు అన్న మాట చెక్క దగ్గరికి చేరింది. మా అత్తగారు నన్ను పిలిచింది. పెద్దత్తను బయటికి పొమ్మంది. మా ఆయన్ని పొమ్మంది. తలుపు వెయ్యమంది.

"నీళ్ళు తాగలా," అంది గోడవైపు చూస్తూ.

"ఏమిటి?"

"నిన్న పొద్దుటినుంచి తాగలా. నువ్వు పెట్టిన చెంబు కిటికీలోంచి మొక్కకు పోస్తుండా. తాగితే గదా ఆ గిన్నె అవసరం. నువ్వు దాన్ని ఎత్తుకొని పోతుంటే వాకిట్లో నా కొడుకు తల దించుకుంటాడు. ఇంతకాలం ఈ ఇంట్లో నేను... నువ్వు నా గిన్నె మొయ్యడమేందే?"

అప్పుడు నేను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టను. సిగ్గుకోసం నడుం కోయించుకుంటారా అన్నాను. ఎండాకాలం నీళ్ళు మాని మూత్రపిండాలు ఎండబెట్టుకుంటారా అన్నాను. అరుస్తూనే మజ్జిగ కలిపాను. చెంబు ఆమె నోటికానించి, అది ఖాళీ అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ పైన సబ్జా గింజల నీళ్ళు. ఆ పైన మళ్ళీ మజ్జిగ.

కానీ అది నిజమో కాదో నాకెట్లా తెలుసు? మద్రాసు భయంతో కల్పించిందేమో! బండి వాకిట్లో కట్టే ఉంది. ఎద్దులు గిట్టలు మారుస్తున్నాయి, మెడపట్టెల గంటలు కదులుతున్నాయి. సాయంత్రం బస్సు తప్పితే మళ్ళీ తెల్లారేదాకా లేదు. ఎండ అరుగు దిగి వాకిట్లో సగానికి వచ్చింది. మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి "పోదామా, వద్దా?" అంటాడు, నేను చెయ్యి ఊపుతాను. తాగిన నీళ్ళు వస్తే నరం బతికే ఉంది. రాకపోతే ఈ ఆలస్యం నాదే. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూడకుండా కూర్చున్నాం, పరీక్ష ఫలితం కోసం కూర్చున్న పిల్లల్లాగా.

"గిన్నె పెట్టు," అందామె చివరికి. "పెట్టి అటు తిరుగు."

తిరిగాను. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నా డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు. తలుపు తీసి, బండి విప్పమని కేకేశాను. గిన్నె పట్టుకొని వాకిట్లోంచే వెళ్ళాను. మా ఆయన తల దించుకోలేదు. "అమ్మయ్య" అన్నాడు. ఆయన మాట లోపలికి వినబడేట్టు మళ్ళీ అనమన్నాను, మళ్ళీ అన్నాడు.

ఆ తర్వాత నీళ్ళ దగ్గర పేచీ లేదు. కొన్నాళ్ళకు ఈనె గీస్తుంటే ఆమె నా చెయ్యి మీద ఫట్టున కొట్టింది. "గుచ్చుకుంటుండాదే! పాదమా, చేపా అది, పొలుసు తీస్తావు?" మళ్ళీ గీశాను. మళ్ళీ కొట్టింది. బొటనవేలికి ఆ తెలివి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నాకు బడి తెరిచారు. నేను లేనప్పుడు పెద్దత్త కాపలా, చెక్క దిగితే పట్టు మారుతుందని నాకంటే గట్టిగా నమ్మింది ఆమే.

వానలకు ముందు మళ్ళీ నెల్లూరు తీసుకెళ్ళాం. డాక్టరుగారు కాలు ఎత్తాడు. నేను పళ్ళు బిగించి నిలబడ్డాను. జానెడు లేచింది, మూరెడు లేచింది. ఆమె "ఊ" అంది, అంతే. మద్రాసు మాట అక్కర్లేదన్నాడు. మెల్లగా నడవచ్చు, వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు: "మధ్యలో తొక్కించడాలూ అవీ ఏమీ చెయ్యలేదు కదమ్మా?"

నేను నోరు తెరిచేలోపల మా అత్తగారు అందుకుంది. "అయ్యో, యాడిది సామీ! నా కోడలు చదువుకునుండాది. అట్టాంటివి మా ఇంట్లో చెయ్యనిస్తదా?"

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఎందుకట్లా చెప్పారు?"

"ఏమని చెప్పమంటావు? ఆయన మందిచ్చినాడు, ఆ పేరు ఆయన్ని ఉంచుకోనీ."

"నా కాలి బరువు మీ నడుము మీద పడనే లేదు. మీకు తెలుసా తెలియదా?"

"బస్సు పోతుండాది," అందామె.

బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. కడ్డీ పట్టుకొని, ఈడ్చే కాలిని వెనక పెట్టి, మంచి కాలు ముందు వేసింది. వెనక మనుషులు తోసుకొస్తున్నారు, కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆమె నడుము వెనక రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"పట్టుకోబాక," అంది వెనక్కి చూడకుండానే.

పట్టుకోలేదు. చేతులూ దించలేదు. ఆ రెండో కాలు నేల వదిలింది, గాలిలో ఒక క్షణం వణికింది, మెట్టు మీదికి చేరింది.